పద్నాలుగో షీటులో గుంటగలగర

"ఎంబీబీఎస్ రానోళ్లు సదివే సదువేనానే గిది?"

జంగా వైశాలిని ఈ మాట అడిగింది ఆమె మేనత్త స్వరాజ్యం. యాచారంలో చుట్టాలింట్లో గృహప్రవేశం. బంతిలో పాతికమంది కూర్చున్నారు, స్వరాజ్యం చేతిలో బగారా అన్నం గరిటె ఉంది. ఆ గరిటె గాల్లోనే ఆగింది. జవాబు వినడానికి పాతికమందీ నమలడం ఆపారు. పద్దెనిమిదేళ్ల వైశాలి "అవ్ అత్తా" అని, ఇంకొంచెం బగారా వెయ్యమంది.

అది అబద్ధం. వైశాలి నీట్ పరీక్ష రాయనే లేదు. కావాలనే బీఎస్సీ తీసుకుంది. అయితే బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ కలిపి చదివే చదువును ఒక మనిషి కావాలని ఎంచుకుంటుందంటే ఆ మండలంలో ఎవరూ నమ్మరు. నమ్మించడానికి పట్టే సమయంలో అన్నం చల్లారిపోతుంది. అందుకని ఒప్పేసుకుంది.

డాక్టరు కాలేకపోయిందని సగం ఊరు జాలిపడుతుంటే, మిగతా సగం ఊరు ఆమె డాక్టరైపోయిందనే అనుకుంది. పక్కింటి గోపయ్య ఓ పొద్దున వచ్చి పంచె పైకి లాగి వాచిన మోకాలు చూపించాడు. నేను చదివేది మొక్కల గురించి తాతా అంటే, అయితే మోకాలికి ఓ మొక్క చెప్పు బిడ్డా అని అరుగు మీద కూర్చున్నాడు. చెప్పేదాకా లేవలేదు.

ఆమె ఎందుకు చదువుతోందో కాస్తో కూస్తో తెలిసింది నాయినమ్మ అనంతమ్మకే. అనంతమ్మకు బర్రెలు తోలుకుపోయే దారిలోని ప్రతి మొక్కా తెలుసు. ఆమె వర్గీకరణలో రెండే కుటుంబాలు: బర్రె తినేది, బర్రె తిననిది. చిన్నప్పుడు ఆమె వెంట తిరిగిన వైశాలికి ఆ రెండో కుటుంబం మీద మోజు పుట్టింది. తినకపోతే మరి ఎందుకున్నట్టు? ఈ ప్రశ్నకు జవాబు డిగ్రీలో దొరుకుతుందని అనుకుంది. పాపం, అప్పటికి ఆమె కాలేజీని చూడలేదు.

కాలేజీ ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డు మీద, టైర్ల షాపు పైన రెండంతస్తుల్లో ఉంది. క్లాసులో నలభై ఆరుగురు. ముప్పై తొమ్మిదిమందికి నీట్‌లో సీటు రాలేదు. ఇద్దరు ఆన్‌లైన్లో బీకామ్ నొక్కబోయి దీన్ని నొక్కారు. తుర్కయాంజాల్ నుంచి వచ్చే సుశాంత్ అయితే, మధ్యాహ్నం పన్నెండుకల్లా వదిలేస్తారు, ఆ తర్వాత జిమ్‌కు పోవచ్చని చేరాడు. ల్యాబులో పన్నెండు మైక్రోస్కోపులుంటే రెండింటికి కటకాలున్నాయి. కప్పల్ని కొయ్యడం మానేసి ఏళ్లయింది. సీనియర్ల రికార్డు పుస్తకాన్ని కిటికీ అద్దానికి ఆనించి, పైన తెల్లకాగితం పెట్టి, వెలుతురులో కనబడే కప్ప మీద పెన్సిలు తిప్పడమే జువాలజీ. ఏటేటా చెయ్యి మారి మారి ఆ కప్పకు భుజాలు వచ్చాయి.

బోటనీ చెప్పేది వీరరాఘవులు. కోస్తా నుంచి వచ్చి తుర్కయాంజాల్‌లో స్థిరపడ్డ మనిషి. ముప్పై ఏళ్ల కిందట మొక్కలంటే ప్రాణం పెట్టినవాడని ఆయన మాటల్లో అప్పుడప్పుడూ తెలిసిపోతుంది. ఇప్పుడు మాత్రం ఆయన బీరువాలో ఆరు కట్టలున్నాయి. కథంతా ఆ కట్టల చుట్టూనే.

చివరి సెమిస్టర్ ప్రాక్టికల్‌కు ప్రతి విద్యార్థీ ముప్పై మొక్కలు సేకరించి, ఎండబెట్టి, అట్టలకు అంటించి, పేర్లు రాసి హెర్బేరియం సమర్పించాలి. పద్ధతి అది. ఆ కాలేజీ పద్ధతి వేరు. ఏ పూర్వకాలపు బ్యాచో నిజంగా చేసిన ఆరు కట్టలు బీరువాలో ఉన్నాయి. తలా ఐదు వందలు కడితే కట్ట అద్దెకిస్తారు. నలభై ఆరుగురికి ఆరు కట్టలెలా సరిపోతాయంటారా? వైవా అయినవాడు బయటికొస్తూ తలుపు దగ్గరే తర్వాతివాడికి అందిస్తాడు. వాడు తన పేరున్న చీటీ అంటించుకుని లోపలికి వెళతాడు. చీటీ మీద చీటీ పడి ఒక్కో కట్ట మొదటి అట్ట చపాతీ మందాన ఉంటుంది. బయటి కాలేజీ నుంచి వచ్చే ఎగ్జామినరుకు ఇది తెలియదా అంటే, ఆయన కాలేజీలోనూ బీరువా ఉంటుంది.

ఐదు వందలు కట్టనని వైశాలి అంది. నా మొక్కలు నేనే తెచ్చుకుంటానంది. క్లాసంతా ఆమెను జబ్బు మనిషిని చూసినట్టు చూసింది. నిజానికి కొంత జబ్బే. తనే సరైనదాన్నన్న పొగరు ఆమెకు దండిగా ఉంది. ఎవరి పెళ్లికి పోయినా మంటపం మీది పూలకు తప్పు పేర్లు చెబుతున్నారని సరిదిద్దుతుంది. దానివల్ల ఆమెను పిలిచే పెళ్లిళ్లు తగ్గాయి.

తండ్రి తిరుమల్ ఆమెకు ముందే షరతు పెట్టాడు. వానాధారం చెలకలో పత్తి పండించే మనిషి, మాట పొదుపు. "పాసైతే యూనివర్సిటీకి పంపిస్త. ఒక్క సబ్జెక్టు తప్పినా మీ మామ మెడికల్ షాపుల కూసుంటవ్" అన్నాడు. మామ షాపు మీర్‌పేట్‌లో ఉంది. అక్కడ కూర్చోవడమంటే చదువు ముగిసినట్టేనని వైశాలికి తెలుసు. ఎమ్మెస్సీ బోటనీ ఆమెకు కావలసిన ఒకే ఒక్క వస్తువు. బోటనీ ప్రాక్టికల్ తప్పితే అది పోయినట్టే.

అది తెలిసీ ఆమె ఎండాకాలమంతా చెలకల గట్ల వెంట తిరిగింది. తంగేడు, ఉత్తరేణి, జిల్లేడు తెచ్చి పాత పేపర్ల మధ్య పరిచి, పైన యూరియా బస్తా పెట్టి నొక్కింది. చేసిన పని ఎలా ఉందో పోల్చుకోవడానికి సుశాంత్ అద్దెకు తెచ్చుకున్న కట్టను ఫోనులో ఫొటోలు తీసుకుంది. ఇంటికి తెచ్చి నాయినమ్మకు చూపిస్తుంటే, పద్నాలుగో షీటు దగ్గర అనంతమ్మ ఆగింది.

షీటు కింద గుంటగలగర అని రాసుంది. పక్కన లాటిన్ పేరు, కుటుంబం, ఔషధ గుణాలు, జుట్టుకు మంచిదన్న సమాచారం అంతా పొందికగా ఉంది.

"గిది పలకాకు గదనే. చిన్నప్పుడు పలకకు రుద్దుతుంటిమి. దెబ్బ తాకితే రసం పిండుతుంటిమి" అంది అనంతమ్మ. "గుంటగలగర గింత పొడుగు కాడ ఎక్కడ ఎత్తుతది? చేతిల నలిపితే నల్లగ అంటాలె. గిది అంటదు."

పుస్తకాల్లో గడ్డిచామంతి అని ఉండే మొక్క అది. పొడుగు కాడ చివర పసుపుపచ్చని పూవు, చుట్టూ మూడు పళ్లున్న తెల్లటి రేకులు. రోడ్డు పక్క ఎండలో పెరుగుతుంది. గుంటగలగరకు తడి కావాలి, పూవు చిన్నది, కాడ పొట్టిది. వైశాలి మిగతా ఐదు కట్టలూ చూసింది. ఆరింటిలోనూ పద్నాలుగో షీటు అదే. ఒకడు తప్పు చేస్తే ఐదుగురు శ్రద్ధగా చూసి రాశారన్నమాట. ఆ తర్వాత ఏటా ఓ నలభైమంది గడ్డిచామంతితో గుంటగలగర మార్కులు తెచ్చుకుని పట్టభద్రులయ్యారు. వాళ్లలో కొందరు ఇప్పుడు బడుల్లో జీవశాస్త్రం చెబుతున్నారు.

వెళ్లి వీరరాఘవులుకు చెప్పింది. ఆయన అద్దాలు తుడుచుకుంటూ విన్నాడు. చూడమ్మా, పరీక్షకు వారం ఉంది, ఇప్పుడు మొక్కల గొడవ దేనికి అన్నాడు. నీ కట్టలో కూడా ఆ ఒక్క షీటూ అందరిలాగే పెట్టెయ్యి, ఇబ్బంది ఉండదన్నాడు. వైశాలి పెట్టలేదు, అసలు గుంటగలగరనే తెచ్చి అంటించింది.

పరీక్ష నాడు ఎగ్జామినరుగా వచ్చింది విద్యాసాగర్ అనే మనిషి. సాయంత్రంలోపు ఇంకో కాలేజీకి కూడా పోవాలి. తలా నూటయాభై చందాతో తెప్పించిన బిర్యానీ పక్కగదిలో ఉంది. రెండున్నర నిమిషాలకొకర్ని పంపుతూ ఇరవై రెండుమందిని పూర్తి చేశాడు. కట్టలు తలుపు దగ్గర చేతులు మారుతున్నాయి. ఇరవై మూడో నంబరు వైశాలి. ఆమె కట్ట తెరిస్తే నాఫ్తలీన్ వాసన రాలేదు, గడ్డివాము వాసన వచ్చింది. అంతకుముందు ఎన్నడూ చూడని కట్ట కావడంతో ఆయనకు చదవక తప్పలేదు. పద్నాలుగో షీటు దగ్గర వేలు ఆగింది.

ఇది గుంటగలగర కాదు కదమ్మా అన్నాడు. అప్పటికి ఇరవై రెండు గుంటగలగరలు చూసి ఉన్నాడు, ఆ నమ్మకం ఆయనది.

"గదే సార్. వాళ్లయే కావు" అంది వైశాలి.

వీరరాఘవులు గోడ మీది కిరణజన్య సంయోగక్రియ పటాన్ని మొదటిసారి చూస్తున్నట్టు చూడసాగాడు. విద్యాసాగర్ నవ్వి, ఇరవై రెండుమంది తప్పు, నువ్వొక్కదానివే ఒప్పా అన్నాడు. వైశాలి వాదించలేదు. మెట్లు దిగి, టైర్ల షాపు వెనక మురుగునీటి మోరీ పక్కన పెరిగిన మొక్కను పీక్కొచ్చింది. షాపు ముందు దుమ్ములోంచి రెండోది కూడా తెచ్చింది. ఒక్కో అరచేతిలో ఒక్కోదాన్ని నలిపి, రెండు చేతులూ ఆయన ముందు చాపి నిలబడింది. రంగు తిరగడానికి కాసేపు పట్టింది. మోరీ మొక్క నలిపిన చెయ్యి నల్లబడింది. రెండో చెయ్యి పచ్చగానే ఉంది.

విద్యాసాగర్ వీరరాఘవులు వైపు తిరిగాడు. వీరరాఘవులు చాలాసేపు అద్దాలు తుడిచాడు.

"అమ్మాయిది కరెక్టేనండి" అన్నాడు చివరికి. "నాకు పదకొండేళ్ల నుంచీ తెలుసు."

ఇక్కడ ఓ నీతికథకుడైతే విద్యాసాగర్ చేత కుర్చీ దిగించి, అమ్మాయి భుజం తట్టించి, ఆరు కట్టలూ తగలబెట్టించేవాడు. విద్యాసాగర్‌కు వచ్చిన ఆలోచన వేరు. ఈ పిల్లది ఒప్పయితే ఇప్పటికే మార్కులు వేసిన ఇరవై రెండుమందివీ కొట్టెయ్యాలి. కిందటి మూడేళ్లూ వచ్చి సంతకం పెట్టింది కూడా ఆయనే. ఈ పిల్లది తప్పయితే సున్నా వేస్తే సరిపోతుంది. లెక్క చూస్తే సున్నాయే చవక. అయితే ఎదురుగా ఓ నల్లటి అరచెయ్యి ఉంది.

ఆయన పెన్సిలు తీసి ఆమె పేరు ఎదురుగా పూర్తి మార్కులు వేశాడు. తర్వాత తీర్పు చెప్పాడు. అందరిదీ గుంటగలగరే, నీదీ గుంటగలగరే. ఈ మాట గది దాటకూడదు. దాటదంటే పెన్సిలు మీద పెన్ను దిద్దుతాను. దాటుతుందంటే రబ్బరు నా దగ్గరే ఉంది. ఇంకో షరతు, ఈ కట్ట డిపార్ట్‌మెంటుకు ఇచ్చి వెళ్లాలి. ఒప్పు షీటు బయట తిరగడం ఎవరికీ మంచిది కాదు.

వైశాలి ఆలోచించింది. మహా అయితే ఇరవై అంకెలు లెక్కపెట్టేంతసేపు. యూరియా బస్తా కింద ఎండాకాలమంతా నలిగిన ముప్పై మొక్కలూ, మీర్‌పేట్ మెడికల్ షాపులోని ప్లాస్టిక్ కుర్చీ ఆ ఇరవై అంకెల్లో ఒకదాని వెంట ఒకటి వచ్చిపోయాయి. సరేనంది. విద్యాసాగర్ పెన్ను మూత తీశాడు.

"కట్ట ఇస్త సార్" అంది అప్పుడే. "కని అది నాది. ఏటా అద్దెల సగం నాకియ్యాలె."

విద్యాసాగర్ ఆ రోజు మొదటిసారి మనసారా నవ్వాడు. ఇన్నాళ్లకు ఓ తెలివైన విద్యార్థిని చూశానని వీరరాఘవులుతో అన్నాడు. పెన్నుతో దిద్ది, బిర్యానీకి లేచాడు. వీరరాఘవులు మాత్రం కూర్చునే ఉండి, సగం సరేనమ్మా అన్నాడు నేలచూపులు చూస్తూ.

ఫలితాల్లో కాలేజీ ఫస్టు సుశాంత్. కొత్తిమీరకూ వయ్యారిభామకూ తేడా తెలియని ఆ పిల్లవాడి ఫొటో ఫ్లెక్సీ మీద నెలరోజులు ఉంది. వైశాలికి రెండో స్థానం. ఎంట్రెన్సు రాసి యూనివర్సిటీలో ఎమ్మెస్సీ బోటనీ సీటు తెచ్చుకుంది. తిరుమల్ మాట తప్పలేదు, హాస్టల్ దాకా తానే వచ్చి ట్రంకుపెట్టె దించి వెళ్లాడు. స్వరాజ్యం మాత్రం, ఎంబీబీఎస్ రానోళ్లు ఐదేండ్లు సదువుతరా అని ఇంకో ఫంక్షన్‌లో అడిగింది.

మరుసటి ఏడు ప్రాక్టికల్స్ అయిన రోజు చిన్ని అనే జూనియర్ ఫోను చేసింది. కోస్తా వాళ్ల పిల్ల, మీర్‌పేట్‌లో ఉంటుంది. అక్కా, మీ కట్ట నాకొచ్చింది, వాసన కూడా బాగుంది అని మురిసిపోయింది. పద్నాలుగో షీటు ఎట్లుంది అని వైశాలి అడిగింది. అదొక్కటీ కొత్తగా ఉందక్కా, పొడుగు కాడది, మిగతా కట్టలతో కలిసేలా సారే మార్చారట అంది చిన్ని. వైశాలి ఆ కట్ట ఎంతమంది వాడారో అడిగింది. ఆరుగురు.

ఆరు ఐదు వందలు మూడు వేలు, సగం పదిహేను వందలు. వైశాలి వీరరాఘవులుకు ఫోను చేసింది. షీటు సంగతి ఎత్తలేదు. ఆయనా ఎత్తలేదు. డబ్బు మాట వచ్చేసరికి, ఆ అద్దెతోనే ఈ వేసవి ఇల్లు గడిచిందమ్మా, జీతం పడగానే నీది నీకు పంపిస్తానన్నాడు. తప్పించుకోవడానికి అన్న మాట కాదది. నెలకు ఇరవై రెండు వేల చొప్పున నాలుగు నెలల జీతం, మొత్తం ఎనభై ఎనిమిది వేలు, కాలేజీ ఆయనకు ఇంకా ఇవ్వాలి.