వాకిట్లో తొమ్మిది జతలు

పోయినేడు ఇంటర్ రిజల్ట్స్ వచ్చిన రోజు పోతిరెడ్డిపల్లిలో మా పక్క గల్లీ పిల్ల ఒకతి ప్రాణం తీసుకుంది. ఆ ఇంటి ముందు చెప్పులు కుప్పపడ్డాక గానీ మాకు సంగతి తెలియలేదు. ముందే ఒక్కరమైనా పోయి పలకరించి ఉంటే! ఆ మాట తలుచుకుంటే నాకు ముద్ద దిగేది కాదు. గల్లీ ఆడవాళ్ళం తొమ్మిది మందిమి ఒట్టు పెట్టుకున్నాం. ఈసారి పరీక్ష తప్పిన పిల్లల ఇళ్ళకు పోవాలి, పెద్దవాళ్ళు డ్యూటీ దిగి వచ్చేదాకా తోడు కూర్చోవాలి.

ఈ ఏడు మా వెనకింటి పిల్ల రెండు సబ్జెక్టులు తప్పింది. తండ్రి లేడు. తల్లి కంది ఊరి దగ్గర ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని చేస్తుంది. మాలో ఒకామె అక్కడి సూపర్‌వైజర్‌కు ఫోన్ చేసి ఆమెను జల్దీ పంపమంది, ఎందుకో చెప్పలేదు. అందరం ఒక్కసారే బయల్దేరాం, పేరంటానికి పోయినట్టు. బుద్ధి ఉండాలి కదా, పెద్దదాన్ని నాకైనా!

వాకిట్లో చెప్పులు విడిచి తలుపు కొట్టామో లేదో, లోపల గొళ్ళెం పడింది.

"పోండ్రి! మీరు గిట్ల వస్తే నేను ఫెయిలైనట్టు గల్లీకి డప్పు కొట్టినట్టే గదా!"

ఆ పిల్ల అన్నదాంట్లో తప్పేముంది? అప్పటికే ఎదురింటివాళ్ళు గేటు దగ్గర నిలబడి చూస్తున్నారు.

"తలుపు తియ్యకు బిడ్డా, నాతోని మాట్లాడు సాలు. తిట్టు, పడ్తా" అన్నాను.

తలుపు పగలగొట్టాల్సి వస్తుందేమోనని గడ్డపార తెమ్మని ఒకామెను ఉరికించాను.

అదే సమయానికి తల్లి మూల మీద ఆటో దిగింది. పెళ్ళి పందిరి లేని ఇంటి ముందు అన్ని చెప్పులు కనిపిస్తే మా దగ్గర ఒక్కటే అర్థం. ఆమె ఉన్నచోటే కూలబడింది.

"బిడ్డా! నన్నిడిసి పోయినవా!"

"ఉన్నది, ఉన్నది" అని మేం ఎంత అరిచినా ఆమెకు వినబడలేదు.

గొళ్ళెం తీసిన చప్పుడైంది. పిల్ల మా చెప్పుల మీదుగానే ఉరికింది.

"అమ్మా, ఉన్ననే! ఫెయిలైన... గంతే. ఉన్న."

తల్లి దాని మొహం, చేతులు తడిమి తడిమి చూసింది. నేను సిగ్గుతో చచ్చి, ఆ చెప్పులన్నీ ఏరి ఇంటి వెనక పడేశాను.

ఇప్పుడు ఒక్కొక్కరమే పోతున్నాం, పాసైన పిల్లల ఇళ్ళకు కూడా. చెప్పులు లోపలే విడుస్తున్నాం. ఆ పిల్ల మళ్ళీ పరీక్షలకు చదువుకుంటోంది. తల్లి మాత్రం డ్యూటీ దిగి వస్తూ ఇప్పటికీ ఆ మూల మీద ఆగుతుంది. వాకిలి ఖాళీగా ఉందని చూసుకున్నాకే ఇంటికి నడుస్తుంది.