మూడు చుక్కలు అరగదీసిన కత్తి

మా ఇంట్లో కొలిమి పట్టినవాళ్లు తాము చేసిన కత్తి మీద, పిడి దగ్గర, చుక్కలు కొట్టేవాళ్లు. తాతది ఒక చుక్క. నాన్నది రెండు. అన్నది మూడు. దసరానాడు తాత కత్తీ నాన్న కత్తీ పీట మీద పెట్టి పూజ చేసేవాళ్లం. బతికున్నవాడి కత్తి ఆ పీట ఎక్కేది కాదు. పోయాకే దానికి అక్కడ చోటు.

నేను కొలిమి పట్టలేదు. ఏలూరులో హైస్కూలు చదివి, పుస్తకాలు మరిగి, ఒక ప్లీడరు గారి దగ్గర గుమాస్తాగా చేరాను. 1934 ప్రాంతాల్లో ధాన్యం ధర పడిపోయి రైతులు కొత్త కత్తులు చేయించుకోవడం మానేశారు. అప్పుడే భీమడోలు వర్తకుడొకడు వచ్చాడు. కొల్లేటికోట మట్టిలో దొరికిన పాత కత్తులంటే పెద్ద ఇళ్లవాళ్లు ఎగబడుతున్నారన్నాడు. కత్తులు అన్న చేసేవాడు. వాటిని పాతవిగా మార్చే పని నేను తీసుకున్నాను. చదువుకున్నవాణ్ణి నేనే కదా.

అదేం కష్టమైన పని కాదు. ఆకురాయితో అంచును అక్కడక్కడ అరగదీసి, ఏళ్ల తరబడి సానపట్టినట్టు చేసేవాణ్ణి. చింతపండు గుజ్జులో ఉప్పు కలిపి ఇనుముకు పట్టించి గుడ్డ చుట్టేవాణ్ణి. తుప్పు లేచాక కొల్లేటి నల్లమట్టి నింపిన కుండలో పక్షం రోజులు పాతిపెట్టేవాణ్ణి. తీసి, కొబ్బరిపీచుతో తోమి, ఆముదం రాసేవాణ్ణి. కొమ్ము పిడిని ఇసుకతో రుద్ది, బొటనవేలు ఆనేచోట నా వేలికి సరిపడా గుంట చేసేవాణ్ణి. వీటన్నిటికంటే ముందు చేసే పని, మూడు చుక్కలు అరగదీయడం.

"ఒక్కటి చుక్కలతో ఉంచరా," అన్నాడు అన్న ఒకసారి.

"వచ్చే దఫా చూద్దాంలే. చుక్కలుంటే వర్తకుడు తీసుకోడు."

"వాడి కోసం కాదురా. నేను పోతే పీట మీద ఏం పెడతారు? నీ గుమాస్తా కలమా?" అని నవ్వాడు.

ఆ తర్వాత నాలుగు దఫాలు వెళ్లాయి. అయిదో దఫాకు అన్న లేడు. కొల్లేటి ఊళ్లకు పనిమీద వెళ్లి చలిజ్వరంతో వచ్చి, తొమ్మిది రోజుల్లో పోయాడు. ఇల్లంతా వెతికాం. అన్న చేసిన కత్తి ఒక్కటీ లేదు. రైతులకు చేసినవి అప్పటికే అరిగిపోయి పాత ఇనుములో కలిసిపోయాయి.

తాడేపల్లిగూడెంలో ఒక రైసుమిల్లు యజమాని ఇంట్లో మా కత్తి ఉందని వర్తకుడు చెప్పాడు. దసరా ముందు వదిన నన్ను అక్కడికి పంపింది.

కత్తి హాల్లో అద్దాల పెట్టెలో ఉంది.

"ఇది మా అన్న చేసిందండీ. ఆయన పోయారు. పూజకు కావాలి, ఇప్పించండి," అన్నాను.

"ఏమోయ్, ఇది కోటలో దొరికిన కత్తి. ఈ పనితనం ఇప్పటి కమ్మరివాళ్లకు ఎక్కడొస్తుంది?"

"పాతదిగా చేసింది నేనేనండీ."

"అయితే మీ అన్న గుర్తు చూపించు," అని పెట్టె తెరిచి నా చేతికిచ్చాడు.

తిప్పి తిప్పి చూశాను. అంచు మీద నా ఆకురాయి గాట్లు. ఇనుము మీద నా తుప్పు. పిడి గుంటలో బొటనవేలు పెట్టి, "చూడండి, సరిపోయింది," అన్నాను.

ఆయన కత్తి తీసుకుని తన వేలు పెట్టాడు. "నాకూ సరిపోయింది. నేనూ మీ అన్నకు తమ్ముణ్ణేనా?"

అక్కడున్నవాళ్లు నవ్వారు. ఆ ఇనుము అన్న కాల్చి సాగగొట్టిందే. కాని కంటికి కనిపించేదంతా నా పనే.

సాయంత్రం బండికి ఏలూరు వచ్చాను. వదిన గుమ్మంలోనే ఉంది.

"ఇవ్వలేదా?"

"గుర్తు చూపించమన్నాడు వదినా. చుక్కలు నేనే అరగదీశాను."

"తెలుసు. ఒక్కటి ఉంచమంటే నువ్వు ఉంచలేదని మీ అన్న చెప్పారు."

"తెలిసీ నన్నెందుకు పంపావు?"

"నీ నోటితో నువ్వే అడిగి, లేదనిపించుకోవాలని," అంది.

దసరానాడు పూజకు నేను పీట వాల్చబోతే, వదిన వచ్చి నా చేతిలోంచి దాన్ని తీసుకుని తనే వాల్చింది.