గాలి పట్టుకుపోయిన చెక్క ఇల్లు

మొన్న గాలివానకి, ఇప్పుడు నేనుండే మలంచా పేటలో, మా ఎదురింటి వరండా రేకులు లేచిపోతే, వీధి వీధంతా వాటిని వెతకడానికి పరుగెత్తింది. నేను మాత్రం కళ్లజోడు తగిలించుకుని, రేకులు ఊడిన వాసాల దగ్గర నిలబడ్డాను. పెద్దావిడకి మతి పోయిందనుకున్నారేమో. మేకులున్న చోట చెక్క చీలికలై లేచి ఉంది. నిజంగా గాలే. మనసు కుదుటపడింది. ఈ పాడు అలవాటు నాకు తొమ్మిదో ఏట అంటుకుంది.

అప్పుడు మేం న్యూ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టర్లో ఉండేవాళ్లం. నాన్న రైల్వే వర్క్‌షాపులో రైలుపెట్టెల వడ్రంగి. అమ్మకి ఆయాసం. ఇంజన్ల బొగ్గుపొగకి చలికాలమంతా కూర్చునే నిద్రపోయేది. సాలూరు అవతల, అమ్మ పుట్టిన ఊరి పైన కొండవాలులో, తాతయ్య ఆమెకి పసుపుకుంకుమల కింద ఇచ్చిన జీడితోట ముక్క ఉండేది. నాన్న వేలంలో పాత పెట్టెల టేకు కొని, మూడేళ్ల సెలవులు ఖర్చుపెట్టి అక్కడ ఒక్క గది చెక్క ఇల్లు నిలబెట్టాడు. ఒక్క మేకు కొట్టలేదు, అన్నీ స్క్రూలే. మేకు కొట్టేవాడు ఆయన దృష్టిలో వడ్రంగే కాదు, మా ఇంట్లో కేలండరు కూడా స్క్రూకే వేలాడేది. పాత వార్నిషు, జీడిపళ్ల పులుపు కలిసిన ఆ గది వాసనలో, వేసవి నెల్లాళ్లూ అమ్మ వెల్లకిలా పడుకుని హాయిగా నిద్రపోయేది.

ఓ ఏడు తుఫాను వచ్చింది. గాలి ఇల్లు మొత్తం పట్టుకుపోయిందనీ, చూస్తే బాధపడతారు, రావద్దనీ అమ్మ అన్నగారు, మా మావయ్య, ఉత్తరం రాశాడు. అమ్మ ఏడ్చింది.

"గాలి సెక్కల్ని తినేస్తాదేటి? ఏరి మల్లీ నిలబెడతాను" అని నాన్న రైలు పాసు రాయించి, పనిముట్ల పెట్టెతో సహా మమ్మల్ని బయల్దేరదీశాడు.

కొండమీద నాలుగు గుంజలు నిలువుగా ఉన్నాయి. నాన్న ఒక్కో గుంజనీ వేలితో తడిమాడు. స్క్రూ కన్నాలు గుండ్రంగా, అంచు చెదరకుండా ఉన్నాయి. దిగి మావయ్య ఇంటికి వెళితే, కొత్తగా ఎత్తిన గదికి మా తలుపు, మా కిటికీ. భోజనాల దగ్గర అమ్మ గొంతు పెంచకుండా అడిగింది.

"అన్నియ్యా, గాలి స్క్రూలిప్పుతాదేటి?"

మావయ్య పులుసు జుర్రుకుంటూనే అన్నాడు. "ఏడాదికి నెల్లాళ్లుంటారు. మిగతా కాలం కోతులకేటి?"

ఆ తలుపు తీసినప్పుడల్లా నేలకి గీసుకుంటోంది. నాన్న రెండుసార్లు పళ్లు బిగబట్టి, చెయ్యి కడుక్కుని, పనిముట్ల పెట్టె తెరిచాడు. అమ్మ తలెత్తింది. తలుపు విప్పి తెచ్చేస్తాడనే ఇద్దరం అనుకున్నాం. ఆయన బందులు విప్పాడు, అడుగుచెక్క చిత్రిక పట్టాడు, మళ్లీ అక్కడే తిన్నగా బిగించాడు.

"ఇప్పుడు సూడు బావా, ఏలితో తోస్తే మూసుకుపోతాది."

నాన్నంటే నాకు ప్రాణం. ఆ క్షణాన మాత్రం అసహ్యం వేసింది. వంకర పని చూసి ఊరుకోలేని చేతులు ఆయనవి, ఇప్పుడు తెలుస్తోంది. తెలిసినంత మాత్రాన కోపం పోలేదు. తిరుగు రైల్లో అమ్మ ఒక్కటే మాట అడిగింది.

"నా ఇల్లు మీకు వొట్టి సెక్కేనేటి?"

మేం మళ్లీ ఆ కొండ ఎక్కలేదు. అమ్మ చలికాలాలన్నీ క్వార్టర్లోనే, గోడకి చేరబడి, కూర్చునే గడిపింది. ఇల్లు విప్పుకుపోయిన అన్నని మూడేళ్లకే క్షమించింది. ఆ అన్నకి తలుపు సరిచేసి వచ్చిన మొగుణ్ణి క్షమించడానికి మాత్రం ఆమెకి బతికినకాలం చాల్లేదు.