మూడు సుత్తి దెబ్బలు

పదకొండేళ్ళుగా ఒక మాట లోపల మోస్తున్నాను. నా భార్య సుజాతకు కూడా చెప్పలేదు. నా పేరు అడగకండి. చదివి ఊరుకోండి, చాలు.

జెద్దాలో ఓడలు బాగుచేసే యార్డులో పని నాది. ఆ ఏడు ఒక పాత పాసింజరు ఓడ వచ్చింది. ఏళ్ళ తరబడి హజ్ యాత్రికుల్ని చేరవేసిన ఓడ. దాన్ని యుద్ధ ఓడగా మార్చాలి. గదులు పీకేసి మందుగుండు కొట్లు కట్టాలి, డెక్కు మీద ఫిరంగికి ఇనుప దిమ్మె అతకాలి. ఆ వెల్డింగు చేసేది గంగారాం అన్న. మా పక్క ఊరివాడు, నన్ను యార్డులో చేర్పించినవాడు. అతను పైన అతుకుతుంటే, వేడికి కింది గదిలో చెక్కలు అంటుకుంటే ఆర్పడానికి నేను సిలిండరు పట్టుకుని కింద నిలబడాలి. పైకి మాట వినిపించదు. అందుకే నేనున్నానని సుత్తితో పైకప్పును మూడుసార్లు కొట్టాలి. అవి వినకుండా అతను మంట వెలిగించకూడదు.

ఆ పొద్దున కొట్టాను. కొట్టి, అక్కడ నిలబడలేదు.

రెండు గదుల అవతల ఇంకా పీకని గది ఒకటి ఉంది. పరుపు, గుండ్రటి కిటికీ. అందులోంచి యార్డు కనిపించదు, సముద్రమే. ఇల్లు చూసి మూడేళ్ళయింది, నన్ను పనికి తెచ్చుకున్న యజమాని, కఫీల్, సెలవివ్వలేదు. ఆ పరుపు మీద పడుకుంటే ఓడ ఇంటికి కదులుతున్నట్టే ఉండేది. దిగగానే సుజాత మొదట ఏమంటుందో, అసలు నన్ను గుర్తుపడుతుందో లేదో అనుకుంటూ కళ్ళు మూసుకునేవాణ్ణి. ఆ పొద్దున కూడా ఐదు నిమిషాలే అనుకున్నాను. అంత ఆశ పడటం తప్పా?

పొగ వాసనకు లేచి పరుగెత్తాను. అప్పటికే అన్న కిందికి దిగి, నన్ను పేరు పెట్టి పిలుస్తూ మండే చెక్కల్ని చేతులతో లాగుతున్నాడు. గ్లౌజులు కాలి చేతులకు అంటుకున్నాయి. నేను ఆ మంటలో ఉన్నాననుకున్నాడు. నేను అతని వెనకే నిలబడి ఉన్నాను.

మర్నాడు సూపర్‌వైజర్ అడిగాడు, సుత్తి కొట్టావా అని. కొట్టానంటే తర్వాత ఎక్కడికి పోయావంటాడు. కొట్టలేదన్నాను.

కట్లు కట్టిన చేతులతో అన్న నావైపు తిరిగాడు. "గదేంది తమ్మీ? కొట్టినవ్ గద. నాకు ఇనవడ్డది."

"లేదే అన్నా. నేనింకా కొట్టనే లేదు. నువ్వే తొందరపడ్డవ్."

అన్న తన కట్ల వైపు చూసుకున్నాడు. "ఏమో మరి. నాకే అట్ల ఇనవడ్డదేమో," అన్నాడు.

తప్పు అతనిదేనని పనిలోంచి తీసేసి, పాస్‌పోర్టు మీద ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపించారు. ఓడ బూడిదరంగు వేసుకుని, ఫిరంగి మోసుకుంటూ వెళ్ళిపోయింది. నేనిక్కడే ఉన్నాను. ఆ కిటికీ మీద బెంగ ఇంకా పోలేదు, సిగ్గు లేకుండా చెబుతున్నాను. అంతకంటే అన్న మీద బెంగ. సెలవుకు వెళితే కూర్చోబెట్టి చాయ్ పోయిస్తాడు. వంగని వేళ్ళ మధ్య గ్లాసు ఇరికించుకుని, ఆనాడు తన చెవులే మోసం చేశాయని అందరికీ చెబుతాడు. నేను తల దించుకుని తాగుతాను.

క్షమించమని అడగను. ఇంత రాశాక కొంచెం ఊపిరి ఆడుతోంది, అంతే.

అన్నా, నీ చెవులు మోసం చేయలేదు. నేను కొట్టాను. మూడుసార్లూ కొట్టాను.