గాలిలో పోసిన ఆసు

ఇది ఒక మహా యుద్ధగాథ. ఇందులో ఒక వీరవనిత ఉంది, ఆమె ఎత్తలేని కుడి చెయ్యి ఉంది, ఒంట్లో దిగిన ఆయుధాలు ఉన్నాయి. నిజం చెప్పాలంటే వీరవనిత మా అమ్మ. ఆయుధాలు వెంట్రుక మందం సూదులు. యుద్ధం జరిగింది నల్గొండలో, ఒక మందుల షాపు మీది అంతస్తులో.

మాది పోచంపల్లి. బాపు మగ్గం నేస్తాడు. నేతకు ముందు నూలును వరుసలుగా చుట్టే ఆసు పని అమ్మది. విల్లులా వంగిన చట్రానికి మేకుల వరుస ఉంటుంది. నూలు పట్టుకున్న చెయ్యి ఈ కొస నుంచి ఒక్కో మేకు దాకా వెళ్లి రావాలి, ఒక్క చీరకు వేలసార్లు. ఇప్పుడు దానికి యంత్రాలొచ్చాయి. యంత్రం మా ఇంటికి వచ్చేసరికే అమ్మ భుజం బిగుసుకుపోయి ఉంది.

వంట ఎడమచేత్తో నెట్టుకొచ్చేది. చెయ్యి తలదాకా లేవదు కనుక జుట్టు పని నా మీద పడింది. నేనల్లిన జడ చూసి బాపు, "గడ్డిమోపు గట్టినట్టున్నది" అన్నాడు. అమ్మ నవ్వలేదు.

"నా జుట్టు నేను ముడేసుకుంటనారా ఇగ?" అని అడిగింది.



ఎముకల డాక్టరు కసరత్తులు చెప్పి, నొప్పికి ఆక్యుపంక్చర్ కూడా చేయించి చూడమన్నాడు. అలా ఆ మందుల షాపు మెట్లెక్కాం. అక్కడి డాక్టరమ్మ వయసులో చిన్నది.

"సూదులంటే భయమా అమ్మా?"

"భయమేంది బిడ్డా. దారం లేకుంట ఏం కుడ్తవో అని జూస్తున్న."

భుజానికి, ముంజేతికి, కాలికి కూడా సూదులు పెట్టింది.

"భుజం నొస్తే కాలుకెందుకురా?" అమ్మ గుసగుసగా అడిగింది.

"మెయిన్ స్విచ్చి గాడుంటదేమో."

"నోరు మూసుకో."

సూదులు తీశాక, చెయ్యి ఎలా కదిపితే నొస్తుందో చూపమంది డాక్టరమ్మ. అమ్మ గాలిలో ఆసు పోయడం మొదలుపెట్టింది. ఒక మేకు, ఇంకో మేకు.

"చాలమ్మా, అర్థమైంది."

"జర ఆగు బిడ్డా. నడుమ ఇడిస్తే లెక్క తప్పుతది."

లేని నూలును లేని మేకులకు వేసుకుంటూ, పై మేకుల దగ్గర పళ్లు బిగబట్టి, వరుస చివరిదాకా పోయింది. బయట జనం వంతు కోసం కూర్చున్నారు. డాక్టరమ్మ చేతులు కట్టుకుని, ఆ వరుస అయ్యేదాకా నిలబడింది.

వారం వారం వెళ్లాం. సూదులా, కసరత్తులా, ఆసుకు సెలవా, ఏది పనిచేసిందో డాక్టరమ్మ కూడా కచ్చితంగా చెప్పలేదు. ఒకరోజు వంతు కోసం బయట బల్ల మీద కూర్చుని ఉండగా, నేనల్లిన అమ్మ జడ ఊడింది. సరిచేయబోతే అమ్మ నా చెయ్యి నెట్టేసింది. తల బాగా వంచి, మొహం చిట్లించి, రెండు చేతులా ముడి వేసుకుంది. వంకర ముడి.

"ఏమన్న అంటవా?"

"ఏమంట? నా నౌకరి పాయె."

అమ్మ నవ్వి, కుడి చెయ్యి నా తల మీద పెట్టి కాసేపు ఉంచింది. అంతెత్తు లేస్తుందో లేదో చూసుకోవడానికేనట.

లోపల డాక్టరమ్మ ముడి చూసి సంతోషించింది. ఇలా భుజం బిగుసుకోవడం షుగర్ ఉన్నవాళ్లలో ఎక్కువట, అది కూడా చూడాలంది. ఆ పరీక్షకు పరగడుపున రావాలి. టీ కూడా తాగకూడదు. సూదులకు బెదరని వీరవనిత ఈ మాటకు బెదిరింది.