నాన్న చెప్పిన ఏడు చోట్లు

మా కొండవాలులో తెల్ల ట్రఫుల్ దొరికే మంచి చోట్లు ఏడున్నాయి. చెట్ల వేళ్ళను అంటిపెట్టుకుని నేల కింద పెరిగి, బంగారం ధర పలికే ఆ గడ్డల జాడ మా వైపు ఎవరూ ఎవరికీ చెప్పరు. తండ్రి పోయేముందు ఒక్క బిడ్డకు చెప్తాడు, అంతే. ఎర్నెస్తా నాన్న మాత్రం కొడుకు సెవెరీనోను పక్కనబెట్టి కూతురికి చెప్పాడు. నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు, నువ్వూ ఎవరికీ చెప్పకు అని ఒట్టు వేయించుకున్నాడు.

ఆ ఒట్టుతో ఎర్నెస్తా ముప్పై ఏళ్ళు తలెత్తుకుని తిరిగింది. మొగుడు బత్తిస్తాకు కూడా చెప్పలేదు. ఏటా ఆకు రాలే కాలంలో గడ్డల వాసన పట్టే కుక్కను తీసుకుని ఆమె బయలుదేరితే, అతను పెరటి తోట గేటు దాకా వచ్చి అక్కడే రాయి మీద కూర్చునేవాడు. నీ పెళ్ళాం ఎవరిని కలవడానికి పోతోందో కనుక్కోవయ్యా అని ఊళ్ళో ఆటపట్టించేవాళ్ళు. అతను నవ్వేసి ఊరుకునేవాడు. అంత మంచి మనిషి దొరికితే ఎవరికైనా అలుసే.

ఈ ఏడు అక్టోబరులో పెర్సిమన్ పళ్ళు కోస్తూ ఎర్నెస్తా నిచ్చెన మీంచి పడి కాలు విరగ్గొట్టుకుంది. ఆ ఇంట్లోనే రెండో వాటాలో ఉండే సెవెరీనో మర్నాడు పొద్దున్నే వచ్చాడు. కట్టేస్తే మీ కుక్క బిర్బాకు పిచ్చెక్కుతుంది, రోజూ నేను తిప్పుకొస్తానులే అక్కా అన్నాడు. తమ్ముడి ప్రేమకు ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

మూడో వారంలో అతనే గుడ్లు వేయించి, పైన ట్రఫుల్ సన్నగా తరిగి తెచ్చిపెట్టాడు. టౌను సంతలో కొన్నానన్నాడు. ముక్కల్లో గులాబీ రంగు గీతలు ఎర్నెస్తా కంట పడ్డాయి. లిండెన్ చెట్టు కింది గడ్డకే ఆ గీతలుంటాయి. ఆ వాలు మొత్తంలో లిండెన్ చెట్టు ఒక్కటే, అది ఆమె మూడో చోటు. బాగుందిరా అని మాత్రం అంది.

దొంగ చేతికి తనే తాళం ఇచ్చినట్టయింది. నాన్న ఇచ్చిన ఒకే ఒక్క ఆస్తిని సొంత తమ్ముడు కుక్క చేత పట్టించాడని ఆమె కుమిలిపోయింది. పాపం ఆ మూగజీవాన్ని కూడా నాలుగు రోజులు దగ్గరికి రానివ్వలేదు.

కట్టు విప్పిన మర్నాడు చేతికర్రతో, పొగమంచులో, ఒక్కతే వెళ్ళింది. గుంటలు నోరు తెరుచుకుని ఉంటాయనుకుంది. తవ్వినచోట సరిగ్గా పూడ్చకపోతే మరుసటి ఏడు గడ్డ ఊరదు. ఆ పద్ధతి కుక్క నేర్పేది కాదు కదా. దానికి తమ్ముణ్ణి కడిగిపారేయాలని మాటలు కూడా సిద్ధం చేసుకుంది.

లిండెన్ కింద గుంట పూడ్చి ఉంది. మట్టి కాలితో తొక్కలేదు, పిడికిలితో అదిమి ఉంది. రాలిన ఆకులు తడి వైపు కిందికి తిప్పి పరిచి ఉన్నాయి. అలా పూడ్చేది నాన్న ఒక్కడే, ఆయన దగ్గర నేర్చుకున్న తనొక్కతే. కుంటుకుంటూ మరో రెండు చోట్లు చూసింది. అక్కడా అంతే.

తిరిగొచ్చేసరికి సెవెరీనో తోటలో వెల్లుల్లి నాటుతున్నాడు.

"నాన్న నీకెప్పుడు చెప్పాడురా?"

అతను తలెత్తకుండా ఇంకో రెండు పాయలు మట్టిలో గుచ్చాడు. "నీకు చెప్పిన వారానికే. నువ్వు నడిచినన్నాళ్ళూ అటు వెళ్ళొద్దన్నాడు. ముప్పై ఏళ్ళు వెళ్ళానా? కాలు విరిగింది కదా, ఇక నీ పని అయిపోయిందనుకున్నా."

"నాకు తప్ప ఎవరికీ చెప్పలేదన్నాడు."

"నువ్వది చెప్పుకుని మురిసిపోతుంటే నేనెలా కాదంటాను అక్కా?"

ఎర్నెస్తాకు ఒళ్ళు మండిపోయింది. తమ్ముడి మీద కాదు. పోయిన మనిషిని నిలదీసేదెలా? బురద చెప్పులతోనే వంటింట్లోకి నడిచింది. బత్తిస్తా పొయ్యి మీద మొక్కజొన్న పిండితో పొలెంతా కలుపుతున్నాడు.

"ఆ గరిటె అక్కడ పెట్టు. ఏడు చోట్లూ చూపిస్తా, రా."

అతను గరిటె చేత్తోనే ఆమె వైపు తిరిగాడు.

"ఇవాళైనా చెప్తావేమోనని ఆ గేటు దగ్గర ముప్పై ఏళ్ళు కూర్చున్నాను. ఇప్పుడు మీ నాన్న మీద కోపం వచ్చి చెప్తానంటున్నావు. నాకొద్దు ఎర్నెస్తా," అని మళ్ళీ పొయ్యి వైపు తిరిగాడు.