అడక్కుండా వడ్డించిన బుట్టలు

కొత్తూరులో ఫ్యాక్టరీ ఉద్యోగం, శంషాబాద్‌లో ఒంటరి కాపురం నాది. రెండేళ్ల క్రితం పక్కింటి షాహీన్, నేను ఫుకెట్ దీవికి టికెట్లు తీసుకున్నాం. తీరా నేను ఎయిర్‌పోర్టుకు చేరాక తను ఫోన్ చేసింది.

"అక్కా, అమ్మీని దవాఖానల చేర్పించినం. నా కోసం ఆగకు, నువ్వు పోయిరా."

ఒక్కదాన్నే విమానమెక్కాను. మర్నాడు పొద్దున్నే ఫుకెట్‌లో ఒక డిమ్‌సమ్ హోటల్‌కి వెళ్లాను. డిమ్‌సమ్ అంటే ఆవిరి మీద ఉడికిన రొయ్యల కుడుముల్లాంటివి. నేను నోరు తెరవకముందే హోటల్ పెద్దావిడ నవ్వుతూ బల్ల నిండా వెదురు బుట్టలు పెట్టేసింది. అమ్మ పోయాక అడక్కుండా నాకెవరూ వడ్డించలేదు.

మా కోస్తావైపు, పెట్టింది వదిలేస్తే పెట్టినవాళ్లు చిన్నబుచ్చుకుంటారు. అందుకని ఒక్కో బుట్టా ఖాళీ చేశాను. ఆవిడ ఆశ్చర్యంగా చూసి మళ్లీ తెచ్చింది. ఆయాసంతో, చెమటలు కక్కుతూ, "చాలమ్మా, ఇంక నా వల్ల కాదు" అన్నాను, తెలుగులోనే.

అది విని పక్క బల్ల దగ్గరి హైదరాబాద్ అమ్మాయి కంగారుగా లేచి వచ్చింది. "గిట్లెందుకు తింటున్నవ్ అక్కా? ఈడ అందరికీ గట్లనే పెడ్తరు. ముట్టనియి వాపస్ తీస్కపోతరు!"

సిగ్గుతో చచ్చిపోయాను. అయినా, ఉన్నన్నాళ్లూ పొద్దున్నే అక్కడికే వెళ్లాను.

ఆఫీసులో ఎవరైనా ఫుకెట్ వెళ్తూ, డిమ్‌సమ్ ఎక్కడ తినాలని అడిగితే ఆ హోటలే చెబుతాను. రుచి ఎలా ఉంటుందంటే మాత్రం, నాకు గుర్తు లేదు.